తిరగని ఫ్యాను, సిరిసిల్ల తొవ్వ

"సెన్సారు పోయిందే" అని మా ఆయన మూడోసారి అన్ననాడు నేను బండిల పండుకొని ఉన్న. పండుకొనుడు కాకుంటే నాకు వేరే పని ఏముంది, రెండేండ్ల నుంచి నా బతుకంత గదే. కాళ్ళు మంచిగుంటె గప్పుడే తలుపు తీస్కొని దిగి సిరిసిల్ల దాక నడ్సుకుంట పోదును. ఆయన మీదున్న కోపం మీదనే పోదును.

ముందు నా సంగతి చెప్త. నేను కోరుట్లల ఆశా కార్యకర్తగ చేసిన. ఏ ఇంట్ల ఎవలికి నెలలు నిండినయ్, ఏ పోరనికి టీకా ఎయ్యాలె, అన్నీ నాకే ఎరుక. పొద్దున ఎనిమిదింటికి ఇంట్లకెల్లి ఎల్లితే మళ్ళ అన్నం యాళ్ళకే అచ్చేది. యే గల్లీల పోయినా "రా అక్కా, కూసో" అనెటోళ్ళు. ఒకనాడు వానల బాయికాడ బండ మీద కాలు జారి పడ్డ. నడుం బొక్క ఇరిగింది, ఆపరేషన్ చేసిండ్రు. గప్పటి సంది వాకర్ పట్టుకొని పది అడుగులేస్త, పది నిమిషాలు కూసుంట. అంతకు మించితే నడుం నుంచి మడిమె దాక నిప్పు పెట్టినట్టయితది. బస్సెక్కరాదు, ఆటో ఎక్కరాదు.

అందరు నన్ను చూడనీకి అస్తరు. మంచం పక్కన కూసొని "ఎట్లున్నవ్" అంటరు, రెండు అరటిపండ్లు పెట్టి పోతరు. మంచోళ్ళే, వాళ్ళను అనేటిది ఏం లేదు. గని ఊరంత తిరిగిన దాన్ని, రెండేండ్లల ఒక్కరి గడప గూడ తొక్కలే. నాకు ఒక్కటే పట్టుకుంది. నేను గూడ ఒక్కసారి ఎవలింటికన్న సుట్టం లెక్క పోవాలె. సిరిసిల్లల మా అక్క ఉంటది, బావ బట్ట నేసే సాంచెలు నడిపిస్తడు, అక్క వాటికి దారం కండెలు చుడుతది. ఆమె నెలకోసారి బస్సెక్కి మా ఇంటికచ్చి నా బట్టలు పిండి, నా తల దువ్వి పోతది. "ఇగ నువ్వు రాకు, ఈసారి నేనే మీ ఇంటికస్త" అని ఫోన్ల ఆమెతోని లొల్లి పెట్టుకున్న. గంతే నా కోరిక. కాశీ రామేశ్వరం ఏం అడుగలే.

మా ఆయన గల్ఫ్‌ల పెద్ద బండ్లు నడిపెటోడు. నేను పడ్డంక వాపస్ అచ్చిండు. అక్కడ కొందరు ఇల్లు లెక్కున్న బండ్లేస్కొని ఎడారిలకు పోతరట. మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ బండ్లనే. "నిన్ను కూసోబెట్టి తీస్కపోరాదు, పండబెట్టి తీస్కపోవచ్చు గద" అన్నడు. ఒక పాత డీజిల్ మినీ బస్సు కొన్నడు. సీట్లన్నీ పీకిండు, చిన్న గ్యాస్ పొయ్యి పెట్టిండు, కిటికీలకు నేను చెప్పిన రంగు పర్దాలు కట్టిండు. మంచం నా నడుముకు కొలిచి చేపిచ్చిండు, గది నేను మర్చిపోను. మనిషి మంచోడే. గని ఇంజన్ కాడికి అచ్చేసరికి ఎవల మాట ఇనడు. ట్రైలర్లు నడిపినోన్ని, గీ బుడ్డ బండి నాకు లెక్కనా అంటడు.

గీ బండికి ఇంజన్ డ్రైవర్ పక్కన డబ్బా లెక్క ఉంటది. నా మంచం తలాపు దాని దిక్కే. అందుకే బండి సంగతి ఆయనకు కండ్లకు తెలిస్తే నాకు చెవులకు తెలుస్తది. రేడియేటర్ కాడ ఒక ఫ్యాను ఉంటది, కరెంటు మీద తిరుగుతది. రేడియేటర్ల నీళ్ళు బాగ కాగినయంటే, దాని కిందికి బిగిచ్చిన చిన్న సెన్సారు గుర్తుపట్టి ఫ్యానును తిప్పుతది. నీళ్ళు సల్లారితే ఆపుతది. గింతే సంగతి. దీని మీద మేము ఆర్నెల్లు ఆగమైనం.

మొదటిసారి బయల్దేరిననాడు అక్క కోసం రెండు కిలోల పసుపు పట్టుకున్న. మా చేన్ల పండిందే, కొత్తగ పట్టిచ్చింది. రుద్రంగి దాటినంక బండి కింద నీళ్ళు కారుతున్నయని మా ఆయన ఆపిండు. రేడియేటర్ సన్నగ పగిలింది. ఎనుకనుంచి అచ్చిన లారీ డ్రైవర్ ఒకాయన దిగి చూసి, "పసుపుంటే పొయ్యి అన్నా, పగులు మూసుకుంటది" అన్నడు. మా దిక్కు గది అందరికి తెలిసిన వైద్యమే. ఏలు తెగినా పసుపే, రేడియేటర్ పగిలినా పసుపే. మా ఆయన చారెడు అడిగిండు. నేను చారెడు ఏం సాలుతది, మంచిగ పొయ్యి అని సంచి మొత్తం ఇచ్చిన. ఆయన గూడ ఎనుకాముందు చూడకుంట సగానికెక్కువ పోసిండు. కారుడు ఆగింది. ఇద్దరం మస్తు ఖుష్ అయినం. ఇయ్యాల రిస్కు ఎందుకు, వచ్చే వారం పోదామని ఇంటికి మర్రినం.

వచ్చే వారం చందుర్తి కూడా చేరలే. ఇంజన్ ఉడుకు చూపే ముల్లు ఎర్ర గీత మీదికెక్కింది, పొగలచ్చినయ్, ఫ్యాను మాత్రం తిరగలే. బండి సల్లారినంక కొంచెం కొంచెం నడుపుకుంట కోరుట్లకు తెచ్చిండు. అక్కడ మెకానిక్ సెన్సారు కాడి రెండు వైర్లు పీకి ఒకదానికొకటి తాకిచ్చిండు. ఫ్యాను గిర్రున తిరిగింది. "చూసిండ్రా, ఫ్యాను మంచిగుంది, వైరింగ్ మంచిగుంది. సెన్సారే పోయింది" అన్నడు. కొత్తది ఏసిండు.

మూడోసారి కథలాపూర్ దాటంగనే మళ్ళ గదే కత. మెకానిక్ ఏమన్నడు, గా సెన్సారు డూప్లికేట్ అచ్చినట్టుంది, ఈసారి ఒరిజినల్ ఏస్త అన్నడు. మా ఆయన తల ఊపిండు. నేను పండుకున్నకాడి నుంచే అన్న, "తమ్మీ, కొత్తది ఏసినంక గూడ ఫ్యాను ఒక్కసారన్న సప్పుడు చెయ్యలే. పాతదీ కొత్తదీ రెండూ పోతయా" అని. ఆ పిలగాడు కిటికీలకెల్లి నన్ను చూసి, "అక్కా, మీరు రెస్ట్ తీస్కోండ్రి" అన్నడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెస్ట్ తీస్కోవాల్నట. రెండేండ్ల నుంచి నేనేం చేస్తున్ననో ఆ పిలగానికి ఎవలన్న చెప్పుండ్రి. చెప్పేటోనికి ఇనేటోడు లోకువ అంటరు గని, పండుకున్నోళ్ళు అంతకన్న లోకువ.

మేము బయల్దేరిన ప్రతీసారి అక్క వంట చేసి పెట్టేది. నేను ఫోన్ చేసి "ఇయ్యాల గూడ అస్తలేనే" అని చెప్పాలె. మొదటిసారి నిజం చెప్పిన. రెండోసారీ చెప్పిన. మూడోసారి సిగ్గనిపిచ్చి, నడుం నొస్తుందని అబద్ధమాడిన. అక్క గాబరా పడి "నేను పొద్దుగాల బస్సుకే అస్త" అన్నది. "అస్తే నీతోని మాట్లాడ" అని ఫోన్ పెట్టేసిన.

"ఒరిజినల్" గూడ గట్లనే చేసింది, దాని జాగల ఇంకోటి ఏసినా ఫ్యాను తిరగకుంటే మెకానిక్ ఒక ఉపాయం చెప్పిండు. సెన్సారు పక్కకు పెట్టి డైరెక్ట్ చేద్దామన్నడు. మా దిక్కు ఏది ఖరాబైనా ఆఖరి వైద్యం గది, డైరెక్ట్. మోటరు కాడ స్టార్టర్ పోతే డైరెక్ట్, మీటర్ పోతే డైరెక్ట్. స్టీరింగ్ పక్కన తెల్ల స్విచ్ ఒకటి బిగిచ్చిండు, ఇండ్లల్ల కరెంటు బుగ్గకు పెడుతరు సూడు, గసొంటిది. ముల్లు లేస్తే స్విచ్ ఎయ్యాలె, దిగితే బంద్ చెయ్యాలె. మా ఆయన దాన్ని పదిసార్లు ఏసి తీసి, "ఇగ సెన్సారుతోని పనే లేదు" అన్నడు. నాకు మాత్రం నమ్మకం కుదరలే. ఈ మనిషికి పొయ్యి మీద పాలు పెట్టింది యాదుండదు, నా ప్రయాణం మొత్తం ఈయన యాది మీద పెట్టిండ్రు.

అనుకున్నట్టే అయింది. గా రోజు వేములవాడ దాక మంచిగనే పోయినం. సిరిసిల్ల ఇంకెంత, గక్కడనే. నేను పర్దా జరిపి తల దువ్వుకోవట్టిన. గుడి దిక్కు మూల మీద బస్సులు అడ్డం తిరిగి ట్రాఫిక్ ఆగింది. మా ఆయనకు గల్ఫ్ దోస్తు ఫోనచ్చింది. ఇగ మాటలు, మాటలు. నాకు ఫ్యాను సప్పుడు ఇనవడుత లేదు. "స్విచ్ ఏసినవా" అని అడిగిన. చెయ్యితోని ఆగు అన్నడు. మళ్ళ అడిగిన. మూడోసారి అడిగేటాళ్ళకు ఇంజన్ డబ్బాలకెల్లి బుస్సుమని ఆవిరి లేసింది.

బస్సులోళ్ళు హారన్లు కొట్టవట్టిరి. జనం జమైండ్రు. గుండు గీయించుకున్న ఒక ముసలామె కిటికీల తల పెట్టి నన్ను చూసింది. మంచం, నేను, పక్కన వాకర్. "అయ్యో, పేషెంటున్నది, ఏ దవాఖానకో ఏమో, జరుగుండ్రి" అని అందరికి చెప్పవట్టింది. నేను "పేషెంట్ను కాదమ్మా, మా అక్కింటికి పోతున్న" అన్న. ఆమెకు ఇనవడలే. ఇంకో ఆయన ఇంజన్ ఆవిరిని నా దిక్కు రాకుంట తువ్వాలతోని ఇసురుతుండు. ఎవలో కిటికీలకెల్లి కొబ్బరి చిప్ప లోపల పెట్టి, "దేవుడున్నడు చెల్లె" అని దండం పెట్టి పోయిండ్రు. పది మంది కలిసి బండిని పక్కకు తోసిండ్రు. పాపం వాళ్ళది మంచి మనసే. నేను మాత్రం పర్దా ఏసుకొని ఏడ్చిన. సుట్టపు సూపుకు పోదామని మంచి చీర కట్టుకుంటి. చూసినోళ్ళందరికి నేను దవాఖానకు పోయేదాన్ని లెక్కనే కనవడ్డ.

మా ఆయన అచ్చి, "మీ అక్కకు ఫోన్ చెయ్యనా, ఆటోల ఈడికే అస్తది" అన్నడు. "చేసినవంటే చూడు" అన్న. నన్ను చూడనీకి ఇంకొకరు రావద్దు. ఇంటికి మర్రి పోదాం పా అన్న. నాలుగు రోజులు ఆయనతోని మాట్లాడలే. అన్నం పెడితే తిన్న, మందులిస్తే ఏస్కున్న, మాట మాత్రం లేదు. ఐదో రోజు ఆయనే "యాడికి పొమ్మంటవో చెప్పు, గాడికే పోదాం" అన్నడు.

జగిత్యాలల ఒక ముసలాయన ఉన్నడు. బండ్ల కరెంటు పని, రేడియేటర్ పని రెండూ చేస్తడు. ఆయన బిడ్డను కోరుట్లల ఇచ్చిండ్రు, ఆమె కాన్పుకు నేనే దవాఖానకు తీస్కపోయిన. నేను చాచా అంట. బండి ఆయన షెడ్డు ముంగట ఆగంగనే మా ఆయన బానెట్ తీసి మొదలువెట్టిండు, సెన్సారు గట్ల, సెన్సారు గిట్ల అని. చాచా ఇంజన్ దిక్కు గూడ చూడలే. తలుపు కాడికచ్చి, "సలాం బిడ్డా. దీని నెత్తి కాడ పండుకునేది నువ్వు గద, నువ్వు చెప్పు. ఏం ఇనవడుతది" అని నన్ను అడిగిండు.

ఆర్నెల్లల నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. చెప్పిన. "చాచా, ఇంజన్ ఎంత కాగినా ఫ్యాను తనంతల తాను ఎన్నడు తిరగలే. వైర్లు కలిపితే తిరుగుతది. మూడు సెన్సార్లు మార్చిండ్రు."

"మూడుకు మూడు ఖరాబయినయా? పాతయి ఉన్నయా?" అన్నడు. మా ఆయన ఏ వస్తువు పారెయ్యడు, డబ్బాలకెల్లి తీసిండు. చాచా బండిలకు ఎక్కి, నా గ్యాస్ పొయ్యి ముట్టిచ్చి, నా చాయ గిన్నెల నీళ్ళు పెట్టిండు. ఒక చిన్న బుగ్గ, బ్యాటరీ వైర్లు సెన్సారుకు కలిపి, సెన్సారును దారంతోని నీళ్ళల్ల ఏలాడదీసిండు. నా చాయ గిన్నె పోయిందని లోపల లోపల తిట్టుకున్న. నీళ్ళు మస్లినయ్, బుగ్గ ఎలిగింది. సల్ల నీళ్ళు పోస్తే ఆరింది. రెండోది ఏసిండు, గట్లనే. మూడోది ఏసిండు, గదీ ఎలిగింది. బండికి ఉన్నదాన్ని గూడ ఇప్పి చూసిండు. నాలుగు నాలుగే మంచిగున్నయ్.

"ముర్దా అని పారేసినయి అన్నీ జిందా ఉన్నయ్ భాయ్" అన్నడు చాచా. మా ఆయన మొఖం చూడాలె. ఆర్నెల్ల సంది నేను మొత్తుకునేది గదే గద అని అందామని నోటి దాక అచ్చింది. అన్న గూడ.

తర్వాత సెన్సారు బిగిచ్చి, ఇంజన్ చాలు చేసి, కాగనిచ్చి, చాచా రేడియేటర్ మీది పైపు ముట్టుకున్నడు. మా ఆయన చెయ్యి పట్టి గూడ పెట్టిచ్చిండు. కాలి చెయ్యి గుంజుకున్నడు. ఇగ కింద, సెన్సారు ఉన్న కాడ పెట్టిచ్చిండు. సల్లగుంది. "ఉడుకు నీళ్ళు కిందికి దిగుతనే లేవు. దాని కాడికి ఉడుకు రాకుంటే అది ఫ్యాను ఎందుకు తిప్పుతది? సెన్సారు నిజమే చెప్తుంది. మీరే దానికి గాలి పెట్టిండ్రు" అన్నడు. గాలి పెట్టుడంటే తిట్టుడని ఆయన లెక్క.

రేడియేటర్ ఇప్పి, బోర్లిచ్చి కొట్టిండు. ముద్దలు ముద్దలుగ పచ్చటి బంక పడ్డది. చాచా ఏలుతోని తీసి వాసన చూసిండు. "హల్దీ, పసుపు" అన్నడు. "ఎవలన్న పోస్తే చిటికెడు పోస్తరు. పెండ్లికి నలుగు పెట్టినట్టు గింత ఎవలు పోసిండ్రు?"

మా ఆయన నా దిక్కు చూసిండు. నేను ఆయన దిక్కు చూసిన. రుద్రంగి కాడి ముచ్చట ఇద్దరికి ఒక్కసారే యాదికచ్చింది.

"సంచి మొత్తం ఇచ్చింది నువ్వు" అన్నడు.

"చారెడు సాలదంటే సగం సంచి పోసుడేనా, నీకు తెలివి లేదా, ట్రైలర్లు నడిపినోనివి గద" అన్న.

"నువ్వే మంచిగ పొయ్యి అన్నవ్."

"నేను అన్నయన్నీ ఎప్పుడన్న ఇన్నవా? గదొక్కటే ఇనాల్నా?"

షెడ్డుల ఉన్నోళ్ళు నవ్వవట్టిరి. చాచా "మీరు కొట్లాడుకోండ్రి, నేను కడుగుత" అని ఇనుప చువ్వ పట్టుకొని కూసున్నడు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, పగులు మూద్దామని పోసింది తొవ్వలన్నీ మూసింది. తప్పు పసుపుది కాదు, సెన్సారుది కాదు. ఇద్దరం కలిసి చేసినం, ఇద్దరం కలిసి మర్చిపోయినం, ఆర్నెల్లు అత్త మీది కోపం దుత్త మీద చూపినం. నాకు నవ్వు రాలే. అన్నిసార్లు అక్క వండి పెట్టుకొని ఎదురు చూసిందని కడుపుల మండింది. గందులో సగం మంట నా మీదనే.

చాచా పగులు అతికిచ్చిండు, గొట్టాలు కడిగిండు, ఉత్త బోరు నీళ్ళు కాకుంట కూలెంట్ పోపిచ్చిండు. మా ఆయన "స్విచ్ ఉండనీ చాచా, సేఫ్టీకి" అన్నడు. చాచా నా దిక్కు చూసిండు. నేను వద్దని తల ఊపిన. కట్టర్‌తోని వైరు కత్తిరిచ్చి స్విచ్చును మా ఆయన చేతుల పెట్టిండు.

మూడు రోజులకు మళ్ళ బయల్దేరినం. నేను అక్కకు ఫోన్ చెయ్యలే. చేసి మళ్ళ రాను అని చెప్పుడు నాతోని కాదు. రుద్రంగి దాటినంక నా తలాపుకు గుయ్యిమని సప్పుడైంది. ఎవ్వలు స్విచ్ ఎయ్యలే, ఎవ్వలు వైరు కలపలే. మా ఆయన ఎనుకకు మర్రి చూసిండు. "రోడ్డు చూడు" అన్న. కొంతసేపటికి సప్పుడు ఆగింది. వేములవాడల బస్సుల నడుమ మళ్ళ తిరిగింది, మళ్ళ ఆగింది. దాని పని అది చేసుకుంటుంది. నేను కండ్లు మూసుకొని ఇన్న.

సిరిసిల్లల అక్క వాళ్ళ గల్లీల బండి పట్టదు. మూల మీదనే ఆపిండు. సాంచెల సప్పుడు ఇండ్లల్లకెల్లి అస్తుంది. అక్క గడప దాక ఇరవై అడుగులుంటది, నాకు చేతనయ్యేది పది. మా ఆయన "ఎత్తుకుంట" అన్నడు. "సుట్టాలను ఎవలన్న ఎత్తుకొని తీస్కపోతరా" అన్న. వాకర్ పట్టుకొని నడ్సిన. సగం గల్లీల గోడకు ఒరిగి నిలవడ్డ. ఎవలు చెప్పిండ్రో, అక్క చేతుల కండె దారాలతోనే ఉరికచ్చింది. నా సంకల చెయ్యి ఏసి మొయ్యబోయింది.

"నువ్వు లోపలికి పో" అన్న. "నన్ను నడి గల్లీల పట్టుకోకు. నేను మీ ఇంటికి అస్తున్న."

అక్క నా మొఖం చూసింది. నా సంకల చెయ్యి తీసి, ఎనుకకు మర్రి ఇంట్లకు పోయింది. మిగిలిన పది అడుగులకు ఎంత సేపు పట్టిందో నాకు తెల్వదు. నేను గడప కాడికి పోయేసరికి అక్క చెంబుల నీళ్ళు పట్టుకొని నిలవడ్డది. మా దిక్కు ఇంటికి ఎవలన్న అస్తే ముందు కాళ్ళకు నీళ్ళిస్తరు, మాటలు తర్వాత. రెండేండ్ల నుంచి నాకెవ్వలు కాళ్ళకు నీళ్ళియ్యలే. ఎందుకిస్తరు, నేను యాడికన్న పోయి అస్తే గద.

"కాళ్ళు కడుక్కో చెల్లె" అని చెంబు అందిచ్చింది.

వంగరాదు. వాకర్‌ను ఒక చేత పట్టుకొని నిలవడే పోసుకున్న. సగం నీళ్ళు చీర మీద పడ్డయ్. పడ్డప్పటి సంది మొద్దువారిన ఎడమ కాలికి నీళ్ళు పడ్డదే తెల్వలే, కుడి కాలికి సల్లగ తాకినయ్. కండ్లల్లకెల్లి నీళ్ళు కారవట్టినయ్, ఆపుకుందామని గూడ చూడలే. చెంబు అక్క చేతికిచ్చి, "బావ ఇంట్ల ఉన్నడానే" అని అడుగుకుంట లోపలికి పోయిన.